మార్జిన్‌లో రాసిన ఒక్క మాట

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. నాలుగేళ్ళుగా పుస్తక సమీక్షలు రాస్తున్నారు. ఇప్పుడు ఏ పుస్తకం తెరిచినా రెండో పేజీకే తలలో సమీక్ష మొదలైపోతోంది. చిన్నప్పుడు మునిగిపోయి చదివినట్టు చదవలేకపోతున్నారు, సగంలో ఆపేసిన నవల ఒకటి నెల రోజులుగా బల్ల మీదే పడి ఉంది. తెలిసినవాళ్ళ పుస్తకం చేతికొస్తే టెన్షన్. వీటన్నిటి వెనకా ఇంకో అనుమానం: ఒకరు ఏళ్ళ తరబడి కష్టపడి రాసినదాన్ని బాగుందనో బాగాలేదనో చెప్పడానికి నేనెవరిని? మానెయ్యమంటారా అని అడిగారు.

మానొద్దు. ముప్పై ఏళ్ళ పైగా ఈ పనిలోనే ఉన్నాను. మీరు చెప్పిన మూడూ నన్నూ పట్టుకున్నవే, అదీ మూడూ ఒకేసారి. నాకు తెలిసిన మేరకు చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నా మొదటి సమీక్ష ఒక కథల సంపుటి మీద. ఆరు పేజీలు చేత్తో రాసి ఒక పత్రికకు ఇచ్చాను. వారం తర్వాత సంపాదకులు పిలిచి ఆ కాగితాలు నా చేతిలో పెట్టారు. ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యలేదు. నేను “కథ ఎంతో హృద్యంగా ఉంది” అన్నచోట మార్జిన్‌లో ఎర్ర సిరాతో “ఎక్కడ?” అని ఉంది. “పాత్రలు సజీవంగా ఉన్నాయి” పక్కన మళ్ళీ “ఎక్కడ?” “శైలి సెలయేరులా సాగింది” పక్కనా అదే. “ఒకటి రెండు కథలు తేలిపోయాయి” అన్న వాక్యం పక్కన మాత్రం “ఏవి? ఎక్కడ?” అని రెండు మాటలు. ఆరు పేజీల్లో పదిహేడు చోట్ల. ఆయన కోప్పడలేదు. “నువ్వు రాసినదాంట్లో పేరు మార్చేస్తే ఇంకో పుస్తకానికి కూడా సరిపోతుంది. ఈ పుస్తకానికి తప్ప మరి దేనికీ సరిపోని నాలుగు వాక్యాలు రాసి పట్రా, వేస్తాను” అన్నారు.

ఆ రాత్రి పుస్తకం మళ్ళీ తీశాను. హృద్యం అన్నానే, ఆ కథలో నా గుండె పట్టేసింది ఏ వాక్యం దగ్గరో వెతుక్కుంటూ చదివాను. చివర్లో తండ్రి చనిపోయే చోటే అయి ఉంటుందనుకున్నాను. కాదు. మూడో పేజీలో తండ్రి బయటి నుంచి వచ్చి చెప్పులు విడుస్తాడు. పక్కనే కొడుకు చెప్పులుంటాయి. రెండు జతలూ ఒకే సైజు అయిపోయాయని చూస్తాడు. ఏమీ అనుకోడు, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగుతాడు. రచయిత అక్కడ ఒక్క మాట వ్యాఖ్యానం చెయ్యలేదు. చివరి పేజీలో నాకు వచ్చిన కన్నీళ్ళు ఈ మూడో పేజీలో కట్టిన మూటే. మొదటిసారి చదివినప్పుడు ఆ చెప్పులు నా మీద పని చేశాయి కానీ నేను వాటిని చూడలేదు. రెండోసారి చూశాను. చూసినందుకు కథ తగ్గిపోలేదు సరికదా, ఆ రాత్రి అది మొదటిసారి కంటే లోతుగా దిగింది.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. చదివే ఆనందాన్ని విశ్లేషణ చంపుతుందని అందరూ అంటారు. నా అనుభవంలో చంపేది విశ్లేషణ కాదు, తీర్పు కోసం చదవడం. రెండో పేజీకే మీ తలలో మొదలవుతోందన్నారే, ఆ సమీక్షలో ఏ మాటలున్నాయో ఒకసారి గమనించండి. ‘పట్టు’, ‘బిగువు’, ‘సాగదీత’, ‘కొత్తదనం’. ఇవన్నీ పుస్తకం నుంచి బయటికి తీసుకుపోయే మాటలు. ఒక్కో విశేషణం తలలో పుట్టగానే కళ్ళు పేజీ మీదే ఉంటాయి, మనసు మాత్రం రేపు రాయబోయే కాగితం మీదికి వెళ్ళిపోతుంది. ‘ఎక్కడ?’ అన్న ప్రశ్న సరిగ్గా ఎదురు దిక్కుకు నడిపిస్తుంది. చెయ్యి పట్టుకుని మళ్ళీ ఆ పేజీకి, ఆ వాక్యానికి తీసుకొస్తుంది. నాకు పోయిన ఆనందం ఆ దారిలోనే తిరిగొచ్చింది.

మన పాతవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఆనందవర్ధనుడి కావ్యశాస్త్ర గ్రంథం ధ్వన్యాలోకానికి వ్యాఖ్య రాస్తూ అభినవగుప్తుడు సహృదయుడంటే ఎవరో చెబుతాడు. కావ్యాలు చదివీ చదివీ మనసనే అద్దం తేటబడి, చెబుతున్న విషయంలో లీనం కాగల అర్హత వచ్చినవాడు సహృదయుడు. ఇందులో నాకు నచ్చేది ఆ అభ్యాసం అన్న భాగం. సహృదయత పుట్టుకతో వచ్చే వరమని ఆయన అనలేదు. అద్దం తుడుస్తూ ఉంటే తేటపడుతుంది, వదిలేస్తే మసకబారుతుంది. మీ అద్దం పగిలిపోలేదు, దుమ్ము పట్టింది, అంతే.

ఇక పద్ధతి. నాకు పనికొచ్చింది చెబుతాను, మీకు సరిపడినంత తీసుకోండి. మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ పెట్టుకోను. సమీక్ష అడిగినవాళ్ళు తొందరపెడుతున్నా సరే. తర్వాత కనీసం మూడు రోజులు ఆ పుస్తకం ముట్టుకోను. ఆ మూడు రోజుల్లో నా ప్రమేయం లేకుండా ఏది గుర్తొస్తుందో చూస్తాను. స్నానం చేస్తుంటే ఒక పాత్ర అన్న మాట తట్టవచ్చు. ఏమీ గుర్తు రాకపోతే అదీ ఒక సమాచారమే. ఆ తర్వాత పెన్సిల్‌తో రెండోసారి. అప్పుడు కూడా మార్జిన్‌లో అభిప్రాయాలు రాయను. చివరి ఖాళీ పేజీలో పేజీ నంబర్లు, పక్కన రెండు మూడు మాటలు, అంతే. ఈ మధ్య చదివిన ఒక నవల వెనక ఇలా ఉంది: “47 – తలుపు గడియ. 82 – మళ్ళీ గడియ. 131 – ఎందుకు నవ్వింది? 190 – గడియ లేదు!” ఈ నాలుగు ముక్కల్లోంచే మొత్తం సమీక్ష వచ్చింది. అదే మొదటి చదువులో ‘స్త్రీ స్వేచ్ఛను అద్భుతంగా చిత్రించారు’ అని రాసుకుని ఉంటే 190వ పేజీలో గడియ లేదన్న సంగతే నా కంటబడేది కాదు.

తలుపు మాట వచ్చింది కాబట్టి అందరికీ తెలిసిన కథతో ఒక ఉదాహరణ చెబుతాను. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో అచ్చయింది. స్కూళ్ళలో దాని గురించి చెప్పేది ఎక్కువగా ఒకటే: భార్య తెలివిగా భర్త ప్రవర్తన దిద్దింది. ఇది తీర్పు. ఇప్పుడు ఎక్కడ అని అడగండి. కథ “తలుపు! తలుపు!” అన్న రెండు కేకలతో మొదలవుతుంది. ఎవరు పిలుస్తున్నారో, ఎవరిని పిలుస్తున్నారో చెప్పలేదు. లోపలి నుంచి జవాబు లేదు. గడియారం ఒంటిగంట కొడుతుంది. వర్ణన లేదు, పరిచయం లేదు, అర్ధరాత్రి దాటాక పాఠకుడు కూడా ఆ భర్తతో పాటు తలుపు బయట నిలబడి ఉన్నాడు. లోపల ఉండాల్సిన మనిషి మాట్లాడటం లేదు. రోజూ ఆమె ఎదురుచూస్తూ ఉంటే అతను ఇంట్లో ఉండడు. ఈరోజు అతను పిలుస్తుంటే ఆమె పలకడం లేదు. ఆ తర్వాత కూడా భార్య కమలిని మాట మనకు చాలాసేపు ఉత్తరంలోనే వినిపిస్తుంది. చివరికి ఆమె మనిషిగా ఆ గదిలో ఉన్నట్టు తెలిసేది మంచం కింది నుంచి వచ్చే నవ్వుతోనూ గాజుల చప్పుడుతోనూ. మౌనం, ఉత్తరం, నవ్వు. ఆ మెట్ల మీదుగా కథ నడుస్తుంది. దిద్దడమనే పని కథలో నీతివాక్యంగా కాక చప్పుళ్ళ వరసగా జరిగింది. ఇది కనబడ్డాక ఆ కథ నాకు పాఠ్యపుస్తకంలోంచి బయటపడి కథగా మారింది. పట్టుమని పది నిమిషాల్లో చదివేసే కథ అది. ఇవాళ రాత్రి మళ్ళీ చదవండి, చెవులతో.

అన్ని పుస్తకాలనూ ఇలా చదవలేం కదా అంటారు. అవును, చదవలేం. అందుకే తక్కువ రాయండి. ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో వృత్తి సమీక్షకుడి బతుకు మీద ఒక వ్యాసం రాశాడు. అచ్చయ్యే పుస్తకాల్లో చాలావాటిని అసలు పట్టించుకోకుండా వదిలేసి, పట్టించుకోదగ్గ కొద్దివాటికి పెద్ద సమీక్షలు, కనీసం వెయ్యి మాటలవి, రాయడం మేలని అందులో అంటాడు. తనకు ఏ అభిప్రాయమూ కలగని పుస్తకాల మీద అభిప్రాయాలు పుట్టించాల్సి రావడమే సమీక్షకుణ్ణి లోపల నుంచి తినేస్తుందని ఆయన బాధ. నాలుగేళ్ళలో మీరు ఎన్ని రాశారో చెప్పలేదు. వారానికొకటి చొప్పున అయితే మీకు వచ్చిన ఈ నీరసం సహజమే. నేను ఒక దశలో నెలకు ఆరేడు రాసేవాణ్ణి. ఆ రెండేళ్ళలో చదివిన పుస్తకాల్లో ఇవాళ నాకు సరిగ్గా గుర్తున్నవి నాలుగో ఐదో. ఆ తర్వాత నెలకు ఒకటి అని గీత గీసుకున్నాను. సంపాదకుల్లో కొందరు పిలవడం మానేశారు. చదవడం మాత్రం నిలబడింది.

ఇప్పుడు ‘నేనెవరిని’ అన్నదానికి వస్తాను. దీని మీదే నేను ఎక్కువ కాలం కొట్టుకున్నాను.

పదో శతాబ్దపు సంస్కృత కవి రాజశేఖరుడు కావ్యమీమాంసలో రెండు రకాల ప్రతిభ గురించి చెప్పాడు. రాసేవాడిది కారయిత్రి, చదివి గ్రహించేవాడిది భావయిత్రి. చదవడానికి కూడా ప్రతిభ కావాలని, దానికో పేరు పెట్టి మరీ చెప్పాడంటే పాఠకుడికి ఎంత గౌరవం ఇచ్చాడో చూడండి. తర్వాత ఆ భావకుల్లో నాలుగు రకాలు చెబుతాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డీ గాదమూ తేడా లేకుండా అన్నీ మింగేవాడు సతృణాభ్యవహారి. అసూయతో చదివేవాడు మత్సరి. అసలు తత్త్వం మీద మనసు పెట్టి చదివేవాడు తత్త్వాభినివేశి, వెయ్యిమందిలో ఒకడుంటే ఉన్నట్టు. అరోచకి గురించి ఆయన ఇంకో సూక్ష్మం చెబుతాడు. ఆ అరుచి పుట్టుకతో వచ్చిందయితే ఎంత తోమినా తగరానికి పట్టిన నలుపులా వదలదు. చదువు వల్ల, జ్ఞానం వల్ల వచ్చిందయితే మాత్రం నిజంగా గొప్ప రచన ఎదురైనప్పుడు రుచి మళ్ళీ పుడుతుంది. మీకు ఇప్పుడు ఉన్నది ఈ రెండో రకం అరుచి అని నా నమ్మకం. కాకపోతే చదవలేకపోతున్నానని ఇంత బాధపడి అడిగేవారు కాదు.

ఈ నలుగురినీ నేను నలుగురు మనుషులుగా చూడను. ఒకే మనిషిలో వారం వారం మారే నాలుగు స్థితులుగా చూస్తాను. వరసగా పది పుస్తకాలు చదివిన నెలలో నాలో అరోచకి కూర్చుంటాడు. కొత్తవాళ్ళను ప్రోత్సహించాలన్న ఉత్సాహంలో సతృణాభ్యవహారి. నేను రాయాలనుకుని రాయలేకపోయిన నవల ఇంకొకరు రాసేస్తే మత్సరి. అప్పుడు ఏ వాక్యం చదివినా అందులో లోపమే ముందు కనిపిస్తుంది, పైగా అది న్యాయమైన లోపంగానే కనిపిస్తుంది. అదే ప్రమాదం. సమీక్ష పంపే ముందు ఈవేళ ఈ నలుగురిలో రాసింది ఎవరు అని అడుగుతాను. మత్సరి అని అనుమానం వస్తే వారం ఆపుతాను.

అయినా తప్పులు జరుగుతాయి. పేరున్నవాళ్ళకే జరిగాయి. టాల్‌స్టాయ్‌కి షేక్స్‌పియర్ ఎక్కలేదు. 75 ఏళ్ళ వయసులో మొత్తం నాటకాలన్నీ మళ్ళీ చదివి, మళ్ళీ అదే విముఖత కలిగిందని రాశాడు. ఆ వ్యాసం 1906లో వచ్చింది. ఎక్కువమంది పాఠకులు ఆయనతో ఏకీభవించరు, నేనూ ఏకీభవించను. కానీ ఆయన ఊరికే నచ్చలేదని వదిలెయ్యలేదు. ‘కింగ్ లియర్’ తీసుకుని, రంగం వెంట రంగం చెబుతూ, ఇక్కడ ఇది నమ్మశక్యంగా లేదు, ఇక్కడ ఈ మాట ఈ మనిషి అనడు అని చూపించుకుంటూ పోయాడు. అలా చూపించాడు కాబట్టే నలభై ఏళ్ళ తర్వాత 1947లో ఆర్వెల్ దానికి జవాబు రాయగలిగాడు. ఇన్ని నాటకాలుండగా లియర్ మీదే టాల్‌స్టాయ్‌కి ఎందుకంత కోపమో, ఆయన జీవితానికీ అన్నీ వదులుకున్న ఆ ముసలి రాజు కథకీ ఉన్న పోలిక నుంచి వివరించాడు. చూడండి, తీర్పు తప్పినా వ్యాసం బతికింది. ఇంకొకరికి వాదించడానికి చోటిచ్చింది. ‘నేనెవరిని’ అన్నదానికి ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. మీరు న్యాయమూర్తి కానక్కర్లేదు. ఎక్కడ చూశారో చూపించిన పాఠకులైతే చాలు, అవతలివాళ్ళు వెళ్ళి తమ కళ్ళతో చూసుకుంటారు.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక నవల మీద “మధ్యలో 80 పేజీల పాటు కథ కదలదు, అవి లేకపోయినా నష్టం లేదు” అని రాశాను. మంచం పట్టిన ఒక మనిషి, అతన్ని చూసుకునే కోడలు, రోజూ అదే కిటికీ, అదే మందు సీసా. తర్వాత కొన్నేళ్ళకు మా నాన్నగారు ఎనిమిది నెలలు మంచంలో ఉన్నారు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎందుకో ఆ నవల గుర్తొచ్చి మళ్ళీ తీశాను. ఆ 80 పేజీలే నవల. రోజులు ఎలా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయో, మందు సీసాలో మట్టం తగ్గడం తప్ప ఇంకేదీ కదలని ఇంట్లో ప్రేమ ఎలా అలిసిపోతుందో, అలిసిపోయి కూడా మళ్ళీ ఎలా లేచి నీళ్ళు కాస్తుందో ఆ రచయిత్రి పేజీ పేజీకీ చూపించింది. నేను చూసింది తప్పు కాదు, అక్కడ కథ నిజంగానే కదలదు. దానికి నేను పెట్టిన పేరు తప్పు. అదే నవల మీద రెండోసారి వ్యాసం రాసి, మొదటిది పొరపాటని చెప్పి అచ్చు వేయించాను. ఆవిడకు అది చేరిందో లేదో తెలీదు. కానీ ఆ రోజు నుంచి ‘సాగదీత’ అన్న మాట రాసే ముందు ఒక పని చేస్తున్నాను. ఈ నెమ్మది లేకపోతే ఈ పుస్తకంలో ఏది పోతుంది అని ఒక కాగితం మీద రాసుకుంటాను. ఏమీ పోదని తేలితేనే ఆ మాట వాడతాను.

తప్పు మనది కాకపోయినా జరగవచ్చు. అమెరికన్ రచయిత హెర్మన్ మెల్విల్ నవల 1851 అక్టోబరులో ముందు లండన్‌లో ‘ద వేల్’ పేరుతో మూడు సంపుటాలుగా వచ్చింది. అందులో చివరి ఉపసంహారం జారిపోయింది. కథ చెప్పే మనిషి ఎలా బతికి బయటపడ్డాడో చెప్పే పేజీ అదే. దాంతో అక్కడి సమీక్షకుల్లో కొందరు, అందరూ మునిగిపోయాక ఈ కథ చెబుతున్నది ఎవరు అని ఆక్షేపించారు. వాళ్ళ చేతిలో ఉన్న పుస్తకం ప్రకారం ఆ ప్రశ్న న్యాయమే. మరుసటి నెల ‘మోబీ డిక్’గా అమెరికాలో వచ్చిన ప్రతిలో ఆ పేజీ ఉంది. మన దగ్గరా ఇలాంటిదే, ‘కన్యాశుల్కం’ 1897 నాటి మొదటి కూర్పు వేరు, గురజాడ పూర్తిగా తిరగరాసిన 1909 కూర్పు వేరు. ఏది చదివి మాట్లాడుతున్నారో చెప్పకుండా ఆ నాటకం మీద వాదించేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఏ ముద్రణ చదివారో చూసుకోండి, రాసేటప్పుడు చెప్పండి.

తెలిసినవాళ్ళ పుస్తకాల సంగతి. ఇందులో నేను కాస్త కఠినంగానే ఉంటాను. బాగా దగ్గరివాళ్ళ పుస్తకానికి సమీక్ష రాయను. అమెరికన్ నవలాకారుడు జాన్ అప్‌డైక్ 1975లో వచ్చిన తన వ్యాసాల పుస్తకంలో సమీక్షకుడికి కొన్ని నియమాలు పెట్టాడు. వాటి చివర్లో, ముందే అయిష్టం ఏర్పడ్డ పుస్తకాన్నీ, స్నేహం కొద్దీ మెచ్చుకోక తప్పని పుస్తకాన్నీ సమీక్షకు ఒప్పుకోవద్దంటాడు. రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు, చదవకముందే తీర్పు రాసేసుకోవడం. లండన్ టైమ్స్ లిటరరీ సప్లిమెంట్‌లో 1902లో మొదలైనప్పటి నుంచి 1974 దాకా సమీక్షల కింద రాసినవాళ్ళ పేరే వేసేవారు కాదు. మొహమాటం లేకుండా రాయవచ్చని ఆ పద్ధతిని సమర్థించినవాళ్ళున్నారు. నాకు మాత్రం పేరు లేని మాట మీద నమ్మకం కుదరదు. మొహమాటమున్నచోట రాయకుండా ఉండటం, రాసినచోట పేరు పెట్టడం, ఈ రెండూ చాలు.

మరి స్నేహితుడు అడిగితే? సమీక్ష రాయనని ముందే చెప్పి, దానికి బదులు అంతకంటే పెద్ద పని చేసిపెడతాను. రాతప్రతి దశలోనే అడిగి తీసుకుని పేజీ పేజీ చదివి, నాలుగు గంటలు కూర్చుని మాట్లాడతాను. అచ్చయ్యాక పొగిడే పేరా కంటే అది స్నేహానికి తగిన పని. ముందుమాట మాత్రం వేరే జాతి. అక్కడ ప్రేమ దాచుకోనక్కర్లేదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా రావడానికి పదేళ్ళ ముందే 1940లో చలం దానికి ‘యోగ్యతాపత్రం’ రాశాడు. కవిత్వాన్ని తూచే రాళ్ళు తన దగ్గర లేవని అందులోనే చెప్పేశాడు. తూచడం మానేశాడు కానీ చూడటం మానలేదు. ఆ పద్యాలు తనకేం చేశాయో ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చెప్పాడు. అందుకే ఇప్పటికీ చదువుతున్నాం.

బాగాలేని పుస్తకానికి ఏం రాయాలన్నది మిగిలింది. కొత్త రచయిత మొదటి పుస్తకం బాగాలేకపోతే నేను రాయను, ఎవరూ చదవని పుస్తకాన్ని చదవొద్దని చెప్పడంలో అర్థం లేదు. పేరున్న రచయిత పుస్తకం, పదిమంది పొగుడుతున్న పుస్తకం అయితే రాస్తాను. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి, మనందరి రారా, కటువుగా రాస్తారని పేరు. ఆయన ‘అనువాద సమస్యలు’కు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయనతో నేను చాలాచోట్ల విభేదిస్తాను. కానీ విభేదించడానికి కావలసినంత సరంజామా ఆయనే ఇస్తారు. ఏ వాక్యం ఎందుకు పొసగలేదో చెప్పకుండా ముందుకు కదలరు. కటువుదనం చూసి అనుకరించినవాళ్ళకు ఆ కష్టం కనబడలేదు. మీరు ఒక పుస్తకాన్ని తప్పుపడితే, అందులో దొరికిన ఒక్క మంచి పేజీ ఏదో కూడా చెప్పండి. మర్యాద కోసం కాదు. ఆ పేజీ రాయగలిగిన మనిషి మిగతాది అలా ఎందుకు రాశాడన్నదే అసలు విమర్శ.

రాయడం గురించి మీరు అడగలేదు. అయినా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే విమర్శ కూడా రచనే. మీరు పంపిన రెండు సమీక్షలూ చదివాను. రెండింటిలోనూ సగానికి పైగా కథ చెప్పారు. చదవబోయేవాళ్ళకు అది నష్టం, చదివేసినవాళ్ళకు అనవసరం. కథ మూడు వాక్యాలకు మించకుండా చూడండి. దాని బదులు పుస్తకంలోంచి ఒక పేరా యథాతథంగా ఇవ్వండి. రచయిత గొంతు పాఠకుడి చెవిన పడాలి, మీ మాట నిజమో కాదో అతనికి అక్కడే తెలిసిపోవాలి. ఆ పేరాను మీ చేత్తో కాగితం మీద ఎత్తి రాయండి, కాపీ చేసి అతికించొద్దు. ఎత్తి రాస్తుంటే రచయిత ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఏ క్రియ దగ్గర వాక్యం తిప్పాడో మీ వేళ్ళకు తెలుస్తుంది. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. రాయడం అయ్యాక బయటికి చదువుతాను. ఏ వాక్యం దగ్గర గొంతు తడబడితే అక్కడ నేను నమ్మనిదేదో రాశానని అర్థం.

ఈ పనిలో జవాబులు రావు, దానికి సిద్ధపడండి. వంద సమీక్షలు రాస్తే రెండు ఉత్తరాలు వస్తాయి. అందులో ఒకటి తిడుతూ ఉంటుంది. నాకు వచ్చినవాటిలో దాచుకున్నది ఒక పోస్టుకార్డు. నేను బాగాలేదన్న నవల గురించి. “మీరు చూపించిన 112వ పేజీ మళ్ళీ చదివాను. మీరు అన్నట్టు కృతకంగా లేదు, నాకు మా అక్క గుర్తొచ్చింది” అని రెండే వాక్యాలు. నా తీర్పు ఆ పాఠకురాలి దగ్గర ఓడిపోయింది. కానీ నా మాట పట్టుకుని ఆవిడ పుస్తకం తెరిచి 112వ పేజీకి వెళ్ళింది. ఆ కార్డు నా బల్ల సొరుగులో ఉంది.

బల్ల మీద ఆగిపోయి ఉన్న ఆ నవల సంగతి. దాన్ని ఆపినచోటు నుంచి కాకుండా మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. పెన్సిల్ ఇంకో గదిలో పెట్టండి, ఫోన్ కూడా. రోజుకు ముప్పై పేజీలు దాటొద్దు, ఇంకా చదవాలనిపించినా ఆపెయ్యండి. సమీక్ష ఎప్పుడిస్తారని ఫోన్ వస్తే, ఇంకా చదువుతున్నానని చెప్పండి.